చేబదులు

నేను మైనం పూసేవాణ్ణి.
కువోపియో కొండ మీద, స్కీ జంప్ గోపురం కింద,
రేకుల కొట్లో ముప్ఫై ఏళ్లుగా ఇదే పని.
మంచు మీద జారి గాల్లోకి లేచే పిల్లల
స్కీల అడుగున వేడివేడిగా పూయడం,
చల్లారాక గీకడం.

కెర్త్తు స్కీలు గీకి మాత్రం ఇరవై ఒక్క నెలలు.
వాడని స్కీకి మందంగా పూసి వదిలేయాలి,
లేదంటే ఎండిపోయి బూడిదరంగుకి తిరుగుతుంది.
నెలకోసారి దించి, తుడిచి, మళ్లీ పూస్తాను.
పూయమని ఎవరూ చెప్పలేదు,
ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ రోజు గాలి కూడా లేదు.
పోటీ కాదు, పతకం కాదు,
మంగళవారం సాధన, రెండో గెంతు.
దిగేటప్పుడు ఎడమకాలు తొందరపడింది.
ఆ చప్పుడు ఇక్కడిదాకా వినిపించిందంటే నమ్మరు.
నేనూ రోజు విడిచి రోజే నమ్ముతాను.

మొదటిసారి ఎముక నడిమధ్య నుంచి కడ్డీ దించారు.
రెండోసారి ఇంకా లావు కడ్డీ.
ఎక్స్‌రే తెచ్చి చూపిస్తే
పైన వెంట్రుక పడిందనుకుని ఊదాను.
కదల్లేదు.

"అతకనని మొండికేసిందా?" అని అడిగాను.
"కాదు, మర్చిపోయింది" అంది.
"విరిగిన సంగతే మర్చిపోయిందట నా ఎముక.
కొసలు రెండూ చెక్కి, రక్తం వచ్చేదాకా చెక్కి
గుర్తు చేస్తుందట డాక్టరమ్మ లెహ్తోవారా."

కింద కల్లావేసి సరస్సు.
ఏటా చలి ముదిరేసరికి
మేకు లేకుండా, మర లేకుండా
ఒడ్డుకీ ఒడ్డుకీ అతుక్కుపోతుంది.
సాయంత్రం పడవ చీల్చిన దారి
పొద్దుటికి మూసుకుని ఉంటుంది,
దాని మీద ఎవరిదో కుక్క నడిచి చూస్తుంటుంది.
కెర్త్తుకి ఒళ్లు మండుతుంది.
"నీళ్లకున్న బుద్ధి నా కాలికి లేదు!"

నిన్న రాత్రి వచ్చింది.
చంకకర్రల చివర మంచుమేకులు,
నా చెక్కనేల నిండా తూట్లు.
తిట్టాను. తిడితే తేలికపడుతుంది తను,
అయ్యో అన్నవాళ్ల వైపు చూడనైనా చూడదు.

రేపు మూడోసారి.
తుంటి ఎముకలోంచి నాలుగు చెంచాలు తోడి
కాలి బీటలో కూరుతారట.
"చేబదులన్నమాట" అన్నాను.
"వడ్డీ లేదు, కాగితం లేదు."
"తీర్చకపోతే?"
"తుంటి అడగదులే. అడిగేదైతే
నేను ఎప్పుడో దివాలా."

తన స్కీలు దింపమంది. దింపాను.
పక్కన నిలబెట్టుకుని తలెత్తి కొసలు చూసింది.
బరువు తగ్గితే స్కీ పొట్టిదవ్వాలి, మా ఆటలో చట్టం అది.
ఈ రెండేళ్లలో తను ఎంత తగ్గిందో
నేను అడగలేదు, కోటు చెప్తూనే ఉంది.
"వీటికి సరిపడాలంటే తినాలి" అంది,
మా అక్క పంపిన చేపలరొట్టె వైపు చూస్తూ.

అర్ధరాత్రి దాటితే మంచినీళ్లు కూడా ముట్టకూడదట.
పన్నెండుకి పది నిమిషాలుందనగా
పెచ్చు కూడా వదలకుండా ముగించి,
వేళ్లు నాక్కుని, గడియారానికి నాలుక చూపించింది.
ఇరవై నాలుగేళ్ల పిల్ల.

వెళ్తూ వెళ్తూ గీకుడుబద్ద తీసుకుంది.
కుడి స్కీ మీద ఒకే ఒక్క గీటు,
కొస నుంచి కొసకి.
ఇరవై ఒక్క నెలల మైనం చుట్టచుట్టుకుని రాలింది.
కింద నల్లటి చార, ఇంకా మెరుస్తూనే.

"మిగతాదో?"
"అది నీ పని కదా" అంది.
తలుపు తీసేసరికి చలి లోపలికొచ్చింది,
తను బయటికెళ్లింది.
మేకుల టకటక కాసేపు మెట్ల మీద.

ఇప్పుడు పొద్దున్న తొమ్మిదిన్నర.
ఈపాటికి తలుపులు మూసి మొదలుపెట్టి ఉంటారు.
ఇస్త్రీపెట్టె వేడెక్కింది. బద్ద పక్కనే ఉంది.
ఆ చార మీద మళ్లీ పూయాలో
మిగతాదంతా గీకాలో తేలక
నేల మీద తూట్లు లెక్కపెడుతున్నాను.